అక్క ఫైలు: మా ఇంటి ఆడవాళ్లు, లూపస్ జబ్బు

(ఆగస్టు 9, అంతర్జాతీయ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ నన్ను మన భాష మీదనో, పిల్లల చదువు మీదనో మాట్లాడమంటారు. ఈసారి ఆరోగ్యం మీద మాట్లాడతానని నేనే అడిగాను. సంఘం వాళ్లు "సికిల్ సెల్ గురించా మేడమ్?" అన్నారు. కాదు, లూపస్ గురించి అన్నాను. "అదేంటి?" అన్నారు. అందుకే మాట్లాడాలన్నాను. నేను డాక్టర్ని కాదు. పిల్లలకు సైన్సు చెప్పే పంతులమ్మని. ఆ జబ్బు నాకుంది. మా అక్క ఆ జబ్బుతోనే పోయింది. మా అమ్మ వాళ్ల అక్క కూడా బహుశా దాంతోనే పోయి ఉంటుంది. బహుశా అని ఎందుకంటున్నానంటే ఆమెకు ఎవరూ పరీక్ష చేయలేదు, చేసినా మా దగ్గర కాగితం లేదు.

ముందు జబ్బేమిటో చెప్తాను. మన ఒంట్లో రోగాలతో కొట్లాడే కాపలా ఒకటి ఉంటుంది. లూపస్‌లో ఆ కాపలా దారి తప్పి సొంత ఒంటి మీదే పడుతుంది. ఒకరికి కీళ్ల మీద, ఒకరికి చర్మం మీద, ఒకరికి కిడ్నీల మీద, ఇంకొకరికి రక్తం మీద, ఊపిరితిత్తుల పొర మీద. అంటుకునేది కాదు. వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల లోపు. లూపస్ అంటే లాటిన్ భాషలో తోడేలు. మొహం మీద మచ్చ తోడేలు కరిచినట్టు ఉంటుందని పాతకాలం డాక్టర్లు ఆ పేరు పెట్టారట. తోడేలైతే కనీసం కనిపిస్తుంది. ఇది కనిపించదు, అదే దీంతో తంటా.

మా పెద్దమ్మ సంగతి నేను చిన్నప్పుడు విన్నదే. ముప్పై ఏళ్లు నిండకుండానే పోయింది. "దాని మొహం మీద నీడ పడింది, జుట్టంతా ఊడింది, రెండు కడుపులు నిలవలేదు, ఆఖరికి ఒళ్లు వాచి పోయింది" అని మా అమ్మమ్మ చెప్పేది. ఎవరో చేతబడి చేశారని అనుకున్నారు. ఆ అనుమానంతో రెండు ఇళ్లు ఇరవై ఏళ్లు మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆ మాటలన్నీ ఒక వరసలో పెట్టి చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మొహం మీద నల్లమచ్చ, జుట్టు ఊడటం, గర్భస్రావాలు, ఒళ్లు వాపు. లూపస్ పాఠంలో ఉన్నవన్నీ మా అమ్మమ్మ నోటివెంట వచ్చాయి. వినేవాళ్లం ఉన్నాం కానీ అర్థం చేసుకునేవాళ్లం లేం.

తర్వాత మా అక్క. 2008లో తునికాకు సీజను. అక్కకు అప్పటికి రెండేళ్ల కూతురు. తెల్లారకముందే అడవికి పోయి, ఎండెక్కాక ఆకు మోసుకొచ్చి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి వేసేది. ఆ ఎండలు అయిపోయేసరికి జ్వరం పట్టింది. మన ఏజెన్సీలో జ్వరమంటే ముందు మలేరియానే అనుకుంటాం. తప్పేం కాదు, ఇక్కడ అది ఎక్కువే. మూడుసార్లు మలేరియా మందులు మింగింది. వేళ్లు బిగుసుకుపోతే ఊళ్లోకి వచ్చే ఆర్‌ఎంపీ సూది వేసేవాడు. వేసిన నాలుగు రోజులు లేడిపిల్లలా తిరిగేది. అది స్టెరాయిడ్ సూది అని మాకు చాలా తర్వాత తెలిసింది. జబ్బు పోలేదు, దాక్కుంది. ఛాతీలో నీరు చేరితే టీబీ అన్నారు. టీబీలో ఛాతీకి నీరు పడుతుంది, లూపస్‌లోనూ పడుతుంది. ఆరు నెలలు టీబీ మందులు వాడింది. బుగ్గల మీద మచ్చ వస్తే మంగు అన్నారు. కాళ్లు వాచాక, మూత్రం సబ్బునీళ్లలా నురుగు రావడం మొదలయ్యాక, ఉన్న జత ఎడ్లు అమ్మి హైదరాబాద్ తీసుకుపోయాం. 2010లో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. అప్పుడు తెలిసింది జబ్బు పేరు. రెండేళ్లు పట్టింది ఒక పేరు తెలియడానికి. ఇంకో రెండేళ్లు బతికింది. 2012లో కొత్తల పండుగకు ముందు పోయింది.

ఎవరినీ తిట్టడానికి చెప్పట్లేదు ఇది. అక్కను చూసిన ప్రతి డాక్టరూ తన ముందున్న ఒక్క ముక్కకే మందిచ్చాడు. జ్వరం ఒకరు, నొప్పులు ఒకరు, నీరు ఒకరు, మచ్చ ఇంకొకరు. అన్నీ కలిపి ఒక మనిషిగా చూడ్డానికి ఎవరికీ వీలు కాలేదు. అన్నీ కలిపి చెప్పడం మాకూ రాలేదు.

ఇక నా సంగతి. 2016లో నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు, గంటకు గానీ సాగేవి కావు. బడిలో చాక్‌పీస్ చేతిలోంచి జారిపోయేది. సాయంత్రానికి గోడకు చారబడితే లేవలేనంత నీరసం. నోట్లో పైదవడకు పుండ్లు, నొప్పి కూడా ఉండేది కాదు. నాకు మనసులో తెలుసు. అక్క నడిచిన దారి నా కాళ్ల కింద కనిపిస్తూనే ఉంది. అయినా నేను చేసిన పని వినండి. ఇద్దరు డాక్టర్ల దగ్గరకు పోయాను, ఇద్దరికీ అక్క సంగతి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే భయం. చెప్తే అది నిజమవుతుందని ఒక భయం. "ఆ ఇంటి ఆడపిల్లలకు ఏదో రోగముందట" అని ఊళ్లో మాట పుడితే మా అక్క కూతురికి రేపు సంబంధం రాదని ఇంకో భయం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఈ భయముందో నాకు తెలుసు, చేతులెత్తమని అడగను.

మొదటి చోట రక్తపరీక్షలో సికిల్ ట్రెయిట్ అని వచ్చింది. "ఇంకేం, నీకు సికిల్ ఉంది, ఈ నొప్పులు అవే" అని పంపించేశారు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లకు ఇది చాలా అవసరం. 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైన తర్వాత మన ఊళ్లలో చాలామందికి పరీక్షలు చేసి కార్డులిచ్చారు. మంచి పని. కానీ సికిల్ జబ్బు వేరు, ట్రెయిట్ వేరు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు సికిల్ జన్యువులూ వస్తే జబ్బు. ఒకటే వస్తే ట్రెయిట్. ట్రెయిట్ ఉన్నవాళ్లు మామూలుగానే బతుకుతారు, వాళ్లకు రోజూ కీళ్లు బిగుసుకుపోవడం ట్రెయిట్ వల్ల కాదు. నా కార్డులో ట్రెయిట్ అని రాసి ఉంది. ఆ ఒక్క మాట నా నొప్పులన్నిటికీ మూతేసింది. ఎనిమిది నెలలు పోయాయి. కార్డు చూపించి ఎవరైనా "అదే ఇదీ" అంటే, "ఇది ట్రెయిటే కదా డాక్టర్ గారూ, నొప్పులకు ఇంకేమైనా కారణముందా?" అని అడగండి. అడిగితే మర్యాద తక్కువేం కాదు. అసలు సికిల్ జబ్బు ఉన్నవాళ్లకు కూడా లూపస్ రావచ్చు. నొప్పి, జ్వరం, రక్తం తగ్గడం రెండిట్లోనూ ఉంటాయి కాబట్టి వాళ్ల విషయంలో పోల్చుకోవడం ఇంకా కష్టం.

మూడోసారి చూసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. నా చేతులు పట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది. తర్వాత "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అమ్మా?" అని అడిగింది. నేను లేదన్నాను. ఆమె కాగితం మీద పెన్ను ఆపి, నా వైపే చూస్తూ "అమ్మవైపు?" అంది. అంతే, నాకు ఏడుపు ఆగలేదు.

ఆ రాత్రే బస్సెక్కి ఇంటికి పోయాను. మా అమ్మ ట్రంకు పెట్టెలోంచి అక్క ఫైలు తీసింది. అక్క చీర ముక్కలో చుట్టి ఉంచింది. చదవడం రాని మా అమ్మ నాలుగేళ్లు ఆ కాగితాలను ఎలకలు కొట్టకుండా, వానకు తడవకుండా దాచింది. ఎందుకు దాచావమ్మా అంటే, "దాని పేరున్న కాగితం ఎట్లా పారేస్త?" అంది. ఆ ఫైలులో అక్క బయాప్సీ రిపోర్టు ఉంది, రక్తపరీక్షలున్నాయి. డాక్టరమ్మ వాటిని తిరగేసి, నాకు ఏఎన్ఏ, డీఎస్‌డీఎన్ఏ, సీ3, సీ4, మూత్రంలో ప్రోటీను పరీక్షలు రాసింది. మొదటి రెండూ పాజిటివ్. సీ3 తగ్గింది. మూత్రంలో ప్రోటీను అప్పుడప్పుడే పోవడం మొదలైంది. 2017లో నాకు లూపస్ అని తేల్చారు. అక్కకు కాళ్లు వాచాక తెలిసింది, నాకు కాళ్లు వాచకముందే తెలిసింది. నేనివాళ మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే ఆ తేడానే.

ఇక్కడొక వింత సంగతి. 2019లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి లూపస్‌కు ఒక పాయింట్ల పట్టిక చేశాయి. ముఖ్యంగా పరిశోధనల కోసం చేసినా డాక్టర్లు దాన్ని ఆనవాలుగా వాడుకుంటారు. ఏఎన్ఏ కనీసం 1:80 ఉంటేనే ఆ పట్టికలోకి ప్రవేశం. తర్వాత కీళ్లకు ఇన్ని, మచ్చకు ఇన్ని, కిడ్నీకి ఇన్ని అని పాయింట్లు, మొత్తం పది రావాలి. నేను ఆ పట్టిక మొత్తం చదివాను. సైన్సు టీచర్ని కదా, అలవాటు. "ఇంట్లో అక్కకు ఉంది" అన్నదానికి అందులో ఒక్క పాయింటు కూడా లేదు. న్యాయమే, అక్కకు ఉంటే నాకు ఉన్నట్టు కాదు. కానీ ఆ మాట నేను చెప్పకపోతే ఆ పరీక్షలు రాసేవాళ్లే కాదు. పట్టికలో విలువ లేని మాటే నన్ను పట్టిక దాకా తీసుకుపోయింది.

అయితే ఆ మాట మన నోట ఎందుకు రాదు? భయం సంగతి చెప్పాను. ఇంకో కారణం మన పద్ధతిలోనే ఉంది. మనకు వంశం చెప్పేవాళ్లు లేకనా? డోలి వాళ్లు పడిగె విప్పి నిలబడితే మన గట్టు ఎక్కడ పుట్టింది, ఏ వేల్పు, ఏ ఇంటిపేరు ఏ గట్టులో, అన్నీ వరసగా వస్తాయి. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే కదా. అంత జ్ఞాపకం ఉన్న జాతి మనది. కానీ గట్టు తండ్రి వైపు నుంచే నడుస్తుంది. ఆడపిల్ల పెళ్లయితే ఇంకో గట్టులోకి పోతుంది. మా పెద్దమ్మ ఒక ఇంటిపేరుతో పోయింది, మా అక్క ఇంకో ఇంటిపేరుతో, నేను మూడో ఇంటిపేరుతో ఆసుపత్రి చీటీ రాయించుకున్నాను. ముగ్గురిదీ ఒకే రక్తమని ఏ రిజిస్టరు చూసి చెప్తారు? లూపస్ ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకు. ఇంటిపేరు మారేదీ ఆడవాళ్లకే. మా పెద్దమ్మ జబ్బు మా నాన్న వైపు కథలో లేదు, ఆమె అత్తగారి వైపు కథలోనూ లేదు. మా అమ్మమ్మ గొంతులో ఉండేది, ఆమెతోనే పోయింది. మన పద్ధతిని తప్పు పట్టట్లేదు. దాని పక్కన ఇంకొక వరస కూడా రాసుకోవాలంటున్నాను.

డాక్టరు "మీ ఫ్యామిలీలో" అని అడిగితే మనం ఇంటిపేరు ఉన్నవాళ్లనే తలుచుకుంటాం. అమ్మ, అమ్మమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ, మేనత్త, వాళ్ల పిల్లలు, అందరూ వస్తారు అందులో. లూపస్ అనే పేరే ఉండక్కర్లేదు. థైరాయిడ్, కీళ్లవాతం, పదేపదే గర్భస్రావాలు, చిన్నవయసులో కిడ్నీలు పోవడం, ఇవన్నీ చెప్పాల్సినవే.

ఇప్పుడు రెండో వైపు సంగతి, ఇందులో తప్పు నాదే. 2023లో మా అక్క కూతురికి పదిహేడేళ్లు. మోకాళ్ల నొప్పులు, నీరసం. "చిన్నమ్మా, నాకు కూడానా?" అని అడిగింది. ఇంట్లో అందరం ఆ రోజే దానికి జబ్బు ఖాయం చేసేశాం. మా అమ్మ అన్నం మానేసింది. నేను, చదువుకున్నదాన్ని, నా స్టెరాయిడ్ మాత్రలే వారం రోజులు దానికి ఇచ్చాను. నొప్పులు తగ్గాయి. చూశారా, అదే అని ఇంకా గట్టిగా నమ్మాం. డాక్టరమ్మ దగ్గర బాగా చివాట్లు తిన్నాను. "ఆ మాత్ర ఏ నొప్పినైనా తగ్గిస్తుంది. మీ అక్కకు ఆర్‌ఎంపీ చేసిందే మీరు ఈ పిల్లకు చేశారు" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

పరీక్షల్లో ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. మా అమ్మ అక్కడే కూలబడింది. కానీ డీఎస్‌డీఎన్ఏ నెగటివ్, సీ3 సీ4 బాగున్నాయి, మూత్రం శుభ్రంగా ఉంది. హిమోగ్లోబిన్ ఎనిమిది, ఐరన్ అడుగంటి ఉంది. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: ఏ జబ్బూ లేనివాళ్లలోనూ కొందరికి ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది. లూపస్ ఉన్నవాళ్ల రక్తసంబంధీకుల్లో ఇంకాస్త ఎక్కువమందికి వస్తుంది. వాళ్లలో చాలామందికి జబ్బు ఎప్పటికీ రాదు. ఒకే పోలికల కవలల్లో ఒకరికి లూపస్ ఉంటే రెండో వాళ్లకు కూడా వచ్చేది సుమారుగా నాలుగు జంటల్లో ఒక జంటకే. రక్తం అంత ఒకటైన కవలల్లోనే అలా ఉంటే, మేనకోడళ్ల మాట చెప్పేదేముంది. సికిల్ లాగా ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే బిడ్డకు నాలుగో వంతు అవకాశమని లెక్క కట్టే జబ్బు కాదిది. చాలా జన్యువులు కలవాలి, బయటి కారణాలూ తోడవ్వాలి.

ఐరన్ మాత్రలతో నాలుగు నెలల్లో పిల్ల తేరుకుంది. జబ్బు లేదని రాసివ్వలేదు, ఉందనీ రాయలేదు. ఆరు నెలలకోసారి మూత్రం, రక్తం చూపించాలన్నారు. ఈ మధ్యలో ఉండటం కష్టమే. ఉందంటే ఏడుస్తాం, లేదంటే మొక్కు తీర్చుకుంటాం, చూద్దాం అంటే మాత్రం ఏం చేయాలో మనకు తెలియదు. మా పిల్ల నేర్చుకుంటోంది, డిగ్రీ రెండో ఏడు చదువుతోంది.

ఎప్పుడు వెళ్లాలని అడుగుతారు. చాలా వారాలుగా పొద్దున్నే వేళ్లు బిగుసుకుంటుంటే, ఎండకు పోయొస్తే మొహం మీద మచ్చలో జ్వరమో వస్తుంటే, నోట్లో నొప్పి లేని పుండ్లు, జుట్టు రాలడం, కాళ్ల వాపు, మూత్రంలో నురుగు ఉంటే, ఇంట్లో ఇలాంటి మనిషి ఉండి ఉంటే ఆగకండి. మచ్చ గురించి ఒక్క మాట. ఫొటోల్లో తెల్లవాళ్ల బుగ్గల మీద ఎర్రగా సీతాకోకచిలుకలా చూపిస్తారు. మన రంగు మీద అది ఎర్రగా కనిపించదు, నల్లగా, ముదురు ఊదాగా ఉంటుంది. అందుకే మంగు అనుకుంటాం. ముక్కు పక్కనుంచి నోటి వైపు దిగే మడతను మాత్రం అది సాధారణంగా వదిలేస్తుంది. అది చూసుకోండి. మూత్రం పరీక్ష మన పీహెచ్‌సీలో కూడా అడగొచ్చు, చిన్న పరీక్ష, కానీ కిడ్నీ మాట ముందు చెప్పేది అదే. పెద్ద పరీక్షలకు రుమటాలజీ డాక్టరు కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఆరోగ్యశ్రీ కార్డూ, పాత కాగితాలన్నీ, వాడిన మందుల అట్టలూ పట్టుకెళ్లండి. సూదులు వేయించుకుని ఉంటే దాచకండి.

నేను రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వేసుకుంటాను. మలేరియా మందు కుటుంబానిదే. మలేరియాకు అన్ని మందులు మింగిన మా అక్క ఇంటికి ఆ చుట్టమే వచ్చింది చివరికి. 2020లో కరోనాకు పనిచేస్తుందని అందరూ ఎగబడి కొంటే నాకు మూడు వారాలు దొరకలేదు, అది వేరే కథ. కంటి పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. కడుపుతో ఉన్నా సాధారణంగా ఈ మాత్ర ఆపరు. ఆపకూడనివి, కడుపుతో ఉంటే వాడకూడనివి వేర్వేరుగా ఉంటాయి కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందే డాక్టరుకు చెప్పాలి. ఎండకు పోవద్దంటారు. తునికాకు సీజనులో, మిర్చి కోతల్లో ఎండకు పోకపోతే పొయ్యి ఎట్లా వెలుగుతుందని వాళ్లకు ఎవరు చెప్తారు? నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాల, పది దాటకముందే ఇంటికి, అంతవరకన్నా చేయండి. ఇంట్లో మగవాళ్లు ఆ తర్వాతి పని అందుకోండి.

ఆ మూల బల్ల మీద కాగితాలు పెట్టించాను. మూడు గడులు: మనిషి వరస, ఏ వయసులో ఏమైంది, ఏ కాగితం ఎవరి దగ్గరుంది. పేర్లు రాయక్కర్లేదు. ఎవరికీ ఇవ్వక్కర్లేదు, మీ ఇంట్లోనే పెట్టుకోండి. అమ్మవైపు వరస మాత్రం ఖాళీగా వదలకండి. భోజనాలయ్యాక మా అక్క కూతురు అక్కడ కూర్చుంటుంది, రాయడం రానివాళ్లకు అదే రాసిపెడుతుంది. కోయలో చెప్పినా రాస్తుంది.